మిగిలిందే మంచిది

మా పనిలో మంచిదాన్ని ఎవరూ వెతకరు. వెతికేది చెడ్డదాన్నే. చెడ్డవన్నీ ఏరి పక్కన పెట్టాక ఏది మిగిలితే అది మంచిది. ఇందులో పెద్ద తత్వమేమీ లేదు. ఇంజెక్షన్ మందు సీసాలు తనిఖీ చేసే బల్ల ముందు కూర్చున్న ఎవరినడిగినా ఇదే చెబుతారు.

నేను ఆ బల్ల ముందే తల నెరిపించుకున్నదాన్ని. ఎదురుగా సగం నల్లగా, సగం తెల్లగా ఉండే పలక, పైన దీపం. మందు నింపి మూత బిగించిన సీసాను మెడ దగ్గర పట్టుకుని గిర్రున తిప్పి, ముందు నలుపు ఎదుట, తర్వాత తెలుపు ఎదుట పెట్టి చూడాలి. తెల్లటి నలుసైతే నలుపు మీద కనిపిస్తుంది, నల్లటిదైతే తెలుపు మీద. లోపల కదిలేది పైకి పోతే గాలిబుడగ, దాన్ని వదిలెయ్యొచ్చు. కిందికి దిగితే నలుసు. గాజు పెచ్చు కావచ్చు, నూలుపోగు కావచ్చు, ఏదైనా సరే ఎర్ర ట్రేలోకి పోవాల్సిందే. మేము చూడకుండా వదిలేస్తే అది ఎవరి ఒంట్లోకి పోతుందో ఎవరికీ తెలియదు.

మమ్మల్ని నమ్మి ఊరుకుంటారా అంటే అదీ లేదు. సూపర్‌వైజర్ అప్పుడప్పుడు మాకు చెప్పకుండా కొన్ని చెడ్డ సీసాలను కలిపేస్తాడు, పట్టుకుంటామో లేదో చూడటానికి. ఏది మామూలు సీసానో, ఏది పరీక్ష సీసానో తెలియదు కాబట్టి ప్రతిదీ పరీక్షే అనుకుని చూడాలి. ఆయన కలిపినవి ఇంతవరకు ఒక్కటి కూడా నా చెయ్యి దాటిపోలేదు. అందుకే నన్ను అక్కడ డేగమ్మ అంటారు. ఎదురుగానే అంటారు, నేనూ పలుకుతాను.

చిక్కల్లా సాయంత్రం ఆ కళ్ళను బల్ల మీద వదిలేసి రాలేకపోవడమే. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మొదలవుతుంది. పొద్దున ఫలానా సీసాలో బుడగ పైకే పోయిందా? పోయినట్టే ఉంది. పోయినట్టే ఉండటం వేరు, పోవడం వేరు. ఒకవేళ కిందికి దిగి ఉంటే? అది ఏ ఆసుపత్రికి పోయి ఉంటుంది? అక్కడ ఎవరి చేతికి ఎక్కిస్తారు? ఇలా తిరిగి తిరిగి మళ్ళీ ఆ బుడగ దగ్గరికే వస్తాను. గానుగెద్దుకైనా సాయంత్రానికి విప్పేవాడు ఒకడుంటాడు, నా బుర్రకు అదీ లేదు.

ఇక ఇంట్లో నా దీపం కిందికి వచ్చేది మా అమ్మాయి ముఖం. మాకు ఒక్కతే పిల్ల. మా ఆయన లారీ మీద ఉంటారు, ఎప్పుడో గానీ ఇంటికి రారు. ఆయన ముఖం నాకు ఎక్కువగా దొరకదు కాబట్టే మా కాపురం నిలిచిందని మా చెల్లెలు అంటుంది. ఆ మాటలో కొంత నిజముందేమోనని నాకూ అనుమానమే. ఫోన్లో ఆయన గొంతునైనా వదలను, "ఏంటి, గొంతు బరువుగా ఉంది?" అంటాను. "అన్నం నోట్లో ఉందే తల్లీ" అంటారాయన.

అమ్మాయి పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నోరు తెరిచినవాళ్ళ పక్కన నిలబడి పనిముట్లు అందిస్తుంది. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే నేను అడుగుతాను.

"ఏమైంది?"

"ఏం కాలేదమ్మా."

"మరి ఆ కనుబొమ్మ అలా ఎందుకుంది?"

"పుట్టినప్పటి నుంచీ అలాగే ఉంది. కన్నదానివి నువ్వే."

"డాక్టరేమైనా అన్నాడా?"

"ఏమీ అనలేదు."

"అనలేదంటే, అనబోయి ఆగాడా?"

నేనేదో తప్పు చేస్తున్నానని అప్పట్లో అనుకోలేదు. తల్లి కాకపోతే ఎవరడుగుతారు? కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అని లోకం అంటుంది గానీ, ఆ లోకం ఎప్పుడైనా గుడ్డును దీపం కింద పెట్టి చూసిందా?

ఒకరోజు పిల్ల పని నుంచి వచ్చి చెప్పులు విప్పింది, చేతులు కడుక్కుంది, మాస్కు మాత్రం తియ్యలేదు. ఆసుపత్రిలో పెట్టుకునే నీలం మాస్కు అది. మాస్కుతోనే గదిలోకి పోయింది, మాస్కుతోనే బట్టలు మడత పెట్టింది. అన్నం తినేటప్పుడు గోడ వైపు తిరిగి, తీసి తిని, మళ్ళీ పెట్టుకుంది. జ్వరమా, దగ్గా, ఎవరైనా కొట్టారా, ఏడ్చిందా అని నా బుర్ర ఒక్క క్షణంలో లోకమంతా చుట్టి వచ్చింది. నేను వెళ్ళి మాస్కు అంచు పట్టుకున్నాను. పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మా, నాకేం కాలేదు. అక్కడ రోజంతా ఇది ఉంటుంది, హాయిగా ఉంటుంది. ఎవరూ నా ముఖం చూడరు. ఇంటికి రాగానే నువ్వు చూస్తావు. నా వల్ల కావట్లేదు."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, కోపాన్ని ఎదుర్కోవడం నాకు తెలుసు. పిల్ల అలిసిపోయి చెప్పింది. ఈ నెలాఖరు దాకా చూస్తానంది. మా కంపెనీ వైద్యకేంద్రం పై అంతస్తులో ఇలాంటి ఆందోళనకు, దిగులుకు, ఒకే ఆలోచన వదలకుండా తిరగడానికి కంప్యూటర్ మీద అభ్యాసాలు చేయిస్తున్నారట, అక్కడికి వెళ్ళమంది. వెళ్ళకపోయినా, వెళ్ళి కూడా నేను ఇలాగే ఉన్నా, తను పిన్ని ఇంటికి పోయి అక్కడి నుంచే పనికి వెళ్తానంది.

పిన్ని అంటే మా చెల్లెలు. ఇల్లు తగలబడుతున్నా కాస్త వెచ్చగా ఉందనుకునే రకం. పిల్ల అక్కడికి పోతే మళ్ళీ తిరిగి రాదని నాకు తెలిసిపోయింది.

కాబట్టి వెళ్ళాను. కానీ అనుమానంతోనే వెళ్ళాను. ఎందుకంటే అంతకు కొద్ది రోజుల ముందే సూపర్‌వైజర్ నా ఎర్ర ట్రే ముందు నిలబడి, "డేగమ్మా, మంచివి కూడా పారేస్తున్నావు. ఈ మధ్య మరీ ఎక్కువైంది" అన్నాడు. మొన్న ఆయన అలా అనడం, నిన్న పిల్ల ఇలా చెప్పడం, పిల్ల వెళ్ళమన్న ఆ గది కూడా మా కంపెనీదే కావడం. ఇవన్నీ కలిపి చూస్తే ఎవరికైనా అనుమానం రాదా?

పై గదిలో కౌన్సెలర్ చిన్నమ్మాయి. తలుపు తియ్యకముందే నవ్వుతోంది. ఆ నవ్వు చూడగానే నేను సంచీ ఒళ్ళోకి లాక్కున్నాను. ఆమె చాలా ప్రశ్నలు అడిగింది, ఓపిగ్గా రాసుకుంది. చివరికి ఒక కంప్యూటర్ తెర చూపించింది.

"మీ చూపు అలవాటుగా చెడు ఉన్నచోటికే పోతోందమ్మా. దాన్ని మంచి వైపు తిప్పడానికే ఈ అభ్యాసం. తెర మీద చాలా ముఖాలు వస్తాయి. అన్నీ చిరాగ్గా, కోపంగా ఉంటాయి. ఒక్కటి మాత్రం నవ్వుతుంటుంది. దాన్ని వీలైనంత తొందరగా వెతికి నొక్కాలి. రోజూ కాసేపు ఇంట్లో చెయ్యండి."

"మరి మిగతా ముఖాలు?"

"వాటిని పట్టించుకోకండి."

"పట్టించుకోకుండా, అవి చెడ్డవని ఎలా తెలుస్తుంది?"

నేను హాస్యమాడాననుకుని ఆమె ఇంకా నవ్వింది. నేను నిజంగానే అడిగాను. ఇది పనిచేస్తుందా అంటే, కొందరికి చేస్తుంది, కొందరికి పెద్ద తేడా ఉండదు, చేసి చూద్దాం అంది. నిజం చెప్పింది కదా అని మెచ్చుకోవాలి. నాకు మాత్రం, పనిచేస్తుందో లేదో తెలియని మందును మేమైతే సీసాలో పొయ్యం కదా అనిపించింది.

మర్నాడు పక్క బల్ల ఆవిడకు చెప్పాను. ఆమెకు మేము పెట్టుకున్న పేరు గాలిబుడగ. ఏ మాటా అడుగున నిలవదు, పైకి వచ్చేస్తుంది. ఆమె చేతిలో సీసా తిప్పుతూనే కళ్ళు పెద్దవి చేసింది.

"అక్కా, ఆలోచించు. మంచివాటిని చూడటం నేర్పితే రేపు చెడ్డవి నీ కంటికి ఆనతాయా? నీ కళ్ళను మొద్దు చేస్తారు. తర్వాత వాడు చెడ్డ సీసాలు కలుపుతాడు, నువ్వు వదిలేస్తావు. బల్ల ముందు నుంచి లేపేస్తారు."

"నన్ను లేపితే వాళ్ళకేంటి లాభం?"

"అది నాకు తెలియదక్కా. లాభం లేకుండా ఎవరైనా ఊరికే కంప్యూటర్ ఇస్తారా?"

ఆవిడ మాట నమ్మడానికి వీల్లేదని నాకు తెలుసు. అయినా చెవిలో జోరీగలా ఆ మాట వదల్లేదు. అలాగని అభ్యాసం మానేస్తే పిల్ల పోతుంది. చేస్తే కళ్ళు పోతాయి. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. అభ్యాసం చేస్తాను, నా కళ్ళను మాత్రం వాళ్ళకు ఇవ్వను.

పిల్ల తన కంప్యూటర్‌ను వంటగది బల్ల మీద పెట్టి ఇచ్చింది. తెర నిండా వరసలు వరసలుగా ముఖాలు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, అందరూ ముఖాలు మాడ్చుకుని నన్నే చూస్తున్నారు. నేను వాళ్ళ సొమ్మేదో తిన్నట్టు. అందులో ఎక్కడో ఒక నవ్వు. నేను కనిపెట్టాను, నొక్కాను. "చాలా బాగా చేశారు" అని వచ్చింది. మళ్ళీ కొత్త ముఖాలు. మళ్ళీ నొక్కాను. రోజురోజుకూ నా వేగం పెరిగింది. తెర మీద మెప్పు తప్ప ఇంకోటి రాలేదు. కౌన్సెలర్ ఫోన్ చేసి, ఇంత తొందరగా ఇంత బాగా చేసినవాళ్ళను తను చూడలేదంది. చూడదు మరి. ఆమెకేం తెలుసు మేము దీపం కింద ఎంత తొందరగా చూస్తామో.

ముఖాలు అయ్యాక వాక్యాలు. "మీరు గదిలోకి రాగానే అందరూ మాటలు ఆపేశారు. ఎందుకంటే వాళ్ళు మీ కోసమే..." అని ఆపుతుంది. ఆ ఖాళీలో "ఎదురుచూస్తున్నారు" అని పూర్తి చెయ్యాలి. చేసేదాన్ని. చేస్తూ, ఇది రాసినవాళ్ళు ఎప్పుడైనా ఒక గదిలోకి వెళ్ళారా అని ఆశ్చర్యపోయేదాన్ని.

అభ్యాసంలో నాకు తిరుగులేదు. బయట మాత్రం పరిస్థితి అడుసులో కూరుకుపోయింది. ఇదివరకు పిల్ల ముఖమొక్కటే నా కంట పడేది. ఇప్పుడు వీధిలో నడుస్తుంటే ఎదురొచ్చే ప్రతి ముఖం మూతి ముడుచుకునే వస్తోంది. కిరాణా కొట్టువాడు చిల్లర ఇస్తూ చిరాకు పడ్డాడు. బస్సులో పక్క సీటావిడ జరిగి కూర్చుంది. కింది ఇంటి పెద్దాయన తలుపు వేసుకున్న తీరు బాగాలేదు. నేను వీళ్ళందరికీ ఏం చేశాను? ఆ లెక్క తేల్చడానికి ఇంటికొచ్చి కూర్చునేదాన్ని. సీసాలోని బుడగ ఎటు పోయిందనే దిగులు దీనికి అదనం.

ఇది ఆ కంప్యూటర్ చేసిన పనేనని నాకు గట్టిగా అనిపించింది. కావాలనే చేస్తున్నారు. మెప్పుల తేనె పూసి లోపల ఇంకేదో ఎక్కిస్తున్నారు. అయినా పిల్లతో చెప్పలేదు. చెబితే మానెయ్యడానికి వంక వెతుకుతున్నానంటుంది, మానేస్తే పోతుంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఊరుకున్నదాన్ని పూర్తిగా ఊరుకుని ఉండాల్సింది. ఒకరోజు నాకు సెలవు. పిల్ల పనిచేసే చోటే ఏదో జరుగుతోంది, లేకపోతే ముఖం దాచుకునేంత కష్టం ఏముంటుంది అనుకుని, మధ్యాహ్నం ఆ పళ్ళ ఆసుపత్రికి ఎదురుగా ఉన్న మందుల దుకాణం నీడలో నిలబడ్డాను. భోజనాల వేళకు ముగ్గురు ఆడపిల్లలు బయటికి వచ్చారు, మధ్యలో మా అమ్మాయి. ఏదో మాట్లాడుకుంటూ కొంతదూరం నడిచి మలుపు తిరిగారు. అంతే. నాకు కావలసింది దొరికింది. సాయంత్రం దాకా దాన్ని నోట్లో పట్టుకుని ఉండటం ఎంత కష్టమైందో నాకే తెలుసు.

పిల్ల వచ్చి కూర్చోగానే అడిగాను. "నీ పక్కన ఆ పొడుగాటి పిల్ల ఎవరు? నువ్వు మాట్లాడుతుంటే మూతి అలా పెట్టిందేంటి? నీకూ తనకూ ఏమైనా గొడవా?"

నేను అక్కడికి ఎప్పుడు వెళ్ళాను, ఎక్కడ నిలబడ్డాను అని పిల్ల అడగలేదు.

"ఆమెకు ఎండ పడదు, అందుకే ముఖం అలా పెడుతుంది" అంది. తర్వాత, "అమ్మా, నేనెలా ఉన్నానప్పుడు?" అంది.

"ఎలా ఉన్నావంటే?"

"నవ్వుతున్నానా, లేదా?"

నేను నోరు తెరిచాను. జవాబు ఉందనుకునే తెరిచాను. ఆ పొడుగు పిల్ల నుదుటి మీద ఎన్ని గీతలు పడ్డాయో చెప్పగలను. మూడో పిల్ల పెదవి ఎటు వంగిందో చెప్పగలను. మధ్యలో ఉన్న నా పిల్ల ముఖం నాకు గుర్తు రాలేదు. దాన్ని దాటి వెళ్ళిపోయాను, అందులో ఏ లోపమూ లేదు కాబట్టి.

"తెలియదు" అన్నాను.

పిల్ల లేచి అటక మీద నుంచి సంచీ దించింది. ఆదివారం వెళ్తానంది. నెలాఖరు దాకా ఆగుతానన్నావు కదా అంటే, ఆగి ఏం లాభం, రోజూ చేస్తున్నానంటావు, ఇంకా ఎక్కువైంది అంది. నాకు రోషం వచ్చింది. చేస్తున్నానంటావు అంటే? అబద్ధమాడుతున్నాననేగా? నేను కంప్యూటర్ ముందుకు లాక్కున్నాను.

"నా వెనకే నిలబడి చూడు. ఒక్కటైనా తప్పిందేమో చూడు. తర్వాత మాట్లాడు."

పిల్ల వచ్చి నిలబడింది. తెర నిండా ముఖాలు వచ్చాయి. నేను ఎప్పటిలాగే మొదలుపెట్టాను. ఎడమచేతి వేలు గాల్లో వరస వెంట జరుగుతోంది, పెదవులు కదులుతున్నాయి, చివరికి కుడిచేత్తో నొక్కాను. "చాలా బాగా చేశారు." మళ్ళీ ఒక తెర నిండా ముఖాలు. మళ్ళీ మెప్పు.

"ఆగమ్మా" అంది పిల్ల. "ఆ వేలేంటి? ఏమంటున్నావు నోట్లో?"

నేను ఏమంటున్నానో నాకే తెలియదు. ఆగి విన్నాను. "తీసెయ్, తీసెయ్, తీసెయ్" అంటున్నాను.

"ఏం తీసేస్తున్నావు?"

"చిరాకు ముఖాలను. ఒక్కొక్కటీ చూసి, ఇది కోపం, తీసెయ్. ఇది అసహ్యం, తీసెయ్. అన్నీ తీసేశాక ఏది మిగిలితే అది నవ్వు. దాన్ని నొక్కుతున్నాను."

"నవ్వును వెతకమన్నారు కదా."

"వెతుకుతున్నాను కదా. ఇలా కాకపోతే ఇంకెలా వెతుకుతారు?"

వెనక నుంచి ఒక చప్పుడు వచ్చింది. ముందు అదేంటో నాకు అర్థం కాలేదు. ముక్కులోంచి మొదలై, ఆగలేక గొంతులోంచి బయటపడింది. పిల్ల నవ్వుతోంది. "రోజూ ఇలాగే చేశావా? రోజూ కూర్చుని కోపం ముఖాలన్నీ ఒక్కటి కూడా వదలకుండా చూశావా?" అంటూ కడుపు పట్టుకుని నవ్వుతోంది. నేను మాత్రం తెర వైపే చూస్తున్నాను. ఎందుకంటే మాటల్లో పడి ఒకచోట తప్పు ముఖాన్ని నొక్కాను, అది ఏ ముఖమా అని వెతుకుతున్నాను. అది తేల్చుకుని వెనక్కి తిరిగేసరికి పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది. నవ్వు అయిపోయింది.

"ఇంకోసారి నవ్వు" అన్నాను.

"నవ్వమంటే వస్తుందా అమ్మా" అంది.

మా ఇంట్లో పిల్ల అంతకుముందు ఎప్పుడు నవ్విందో నాకు గుర్తులేదు. నా నెత్తి నేనే కొట్టుకోవాలనిపించింది. కంపెనీని అనుమానించాను, ఆ చిన్నమ్మాయి నవ్వును అనుమానించాను, యంత్రాన్ని అనుమానించాను. నా వేలిని ఒక్కసారి కూడా అనుమానించలేదు. మర్నాడే పై గదికి వెళ్ళి కౌన్సెలర్‌కు చెప్పాను. ఆమె నవ్వలేదు. మొదటిసారి ఆమె ముఖం ముడుచుకోవడం చూశాను. "మీరు ఏది నొక్కారో మాకు తెలుస్తుందమ్మా. నొక్కేముందు ఎటు చూశారో తెలియదు. నేను అడగాల్సింది" అంది. ఆ మాటతో ఆమె మీద నాకు కొంచెం నమ్మకం కుదిరింది. తప్పు ఒప్పుకున్నవాళ్ళను మా బల్ల దగ్గర నమ్ముతాము.

ఆ తర్వాత అభ్యాసం సరైన పద్ధతిలో చెయ్యబోయాను. ఎడమచెయ్యిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. తెర వెలగగానే నవ్వు ఎక్కడ అని చూడాలి. చూడటం నా వల్ల కాలేదు. కళ్ళు వాటంతటవే మొదటి వరస మొదటి ముఖం దగ్గరికి పోయి నిలబడుతున్నాయి, పనికి వచ్చినట్టు. బలవంతంగా పీకితే రెండోదాని దగ్గరికి పోతాయి. తెర మీద మెప్పులు ఆగిపోయాయి. "మళ్ళీ ప్రయత్నించండి" అని వస్తోంది. మంచిదాన్ని తిన్నగా వెళ్ళి చూడటమనేది ఈ వయసు దాకా నేను ఎన్నడూ చెయ్యని పని అని నాకు తెలిసింది. ఎప్పుడూ అది మిగిలేదే తప్ప, నేను వెతికింది కాదు. కన్నకూతురు విషయంలోనూ అంతే. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నొక్కాను, అది కూడా తప్పే.

శనివారం వచ్చింది. తెల్లవారితే పిల్ల వెళ్తుంది. ఈ ఒక్క సాయంత్రం ఏమీ అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పిల్ల వచ్చింది, చేతులు కడుక్కుని కూర్చుంది. టీ ఇచ్చాను. కనుబొమ్మ వైపు చూడలేదు. పెదవి వైపు చూడలేదు. ఎక్కడో ఒక మంచి ఉంటుంది, అది దొరికేదాకా చూద్దామని ముఖంలోకి మెల్లగా చూశాను. చెవి పక్కన ఒక వెంట్రుక ఎగురుతోంది, బాగుంది. వేడి టీ ఊదుకుంటుంటే ముక్కు కొద్దిగా కదులుతోంది, చిన్నప్పుడూ అలాగే కదిలేది. ఇదన్నమాట అనుకున్నాను. సుఖంగా అనిపించింది.

"బయట ఎండగా ఉందా?" అన్నాను.

పిల్ల కప్పు కింద పెట్టింది.

"ఏమైంది?" అంది.

"ఏం కాలేదే."

"మరి ఏమీ అడగట్లేదేంటి?"

"అడగకూడదనుకున్నాను."

"ఎందుకనుకున్నావు? నాన్న ఫోన్ చేశారా?"

"లేదు."

"కళ్ళు అలా ఉన్నాయేంటి? ఏడ్చావా? ఆ కౌన్సెలరేమైనా చెప్పిందా నీకు?"

"ఏమీ చెప్పలేదు."

"చెప్పలేదా, చెప్పొద్దన్నావా?"

పిల్ల కుర్చీ నా దగ్గరికి లాక్కుంది. గడ్డం పట్టుకుని నా ముఖాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పింది. కనుబొమ్మ చూసింది, కంటి కింద చూసింది, పెదవి ఎందుకు బిగబట్టావంది. బిగబట్టలేదని చెప్పడానికి నేను పెదవి కదిపాను. "చూడు, ఇప్పుడేదో దాచావు" అంది. కదిలినా తప్పే, కదలకపోయినా తప్పే. నవ్వుదామా అనిపించింది, నవ్వితే అది ఇంకా పెద్ద అనుమానం. ఎక్కడికైనా పోయి ఆ ముఖాన్ని దాచుకోవాలనిపించింది. ఒక్క నిమిషమే గడిచి ఉంటుంది.

ఈ పిల్ల ఇలాంటి చూపు కిందే అన్నం తింది. దీని కిందే చదువుకుంది, పెద్దదైంది, ఉద్యోగానికి వెళ్ళి వచ్చింది. చూసే పద్ధతి కూడా అచ్చం నాదే, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో అన్నీ నాలాగే. ఎవరు నేర్పారని అడగాల్సిన పని లేదు. ఈ నెలంతా పిల్ల నన్ను వదిలిపోతుందని భయపడ్డాను. నేను పిల్లలోకి దిగిపోయానని, తను పిన్ని ఇంటికి పోయినా వెంట వస్తానని నాకు ఆ నిమిషం దాకా తట్టలేదు. ఇంకా ఆలస్యమైతే ఇక విడదీయడం ఎవరి వల్లా కాదు.

"రేపు పెందలాడే వెళ్ళు. ఎండ ఎక్కకముందు" అన్నాను.

"నువ్వేగా నెలాఖరు దాకా ఆగమన్నావు?"

"ఇప్పుడు నేనే వెళ్ళమంటున్నాను. మీ పిన్ని ఎవరి ముఖమూ చూడదు. అక్కడ కొన్నాళ్ళు ఉండు. బాగా ఉండు. నాకు ఫోన్ చెయ్యకపోయినా ఫరవాలేదు."

"నన్నెందుకు పంపించేస్తున్నావమ్మా? నిజం చెప్పు. ఏదో ఉంది."

పిల్ల నా గడ్డం వదల్లేదు. ఆ కళ్ళు నా ముఖంలో కారణం కోసం ఒక మూల నుంచి ఇంకో మూలకు జరుగుతున్నాయి. దుఃఖం ఉంది, అది కనిపిస్తూనే ఉంటుంది. అంతకంటే దాచిందేమీ లేదు. వెతుక్కోమని ముఖం తిప్పకుండా అలాగే కూర్చున్నాను.